కదలకండి, మీ కాలేయానికి కోపం వచ్చింది

నేను ఏమీ చేయకపోవడం ఎలాగో నేర్పుతాను. అందుకు యాభై గంటల శిక్షణ పొందాను, సర్టిఫికెట్ కూడా ఉంది. పూర్వం ఈ విద్య ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరికి పుట్టుకతోనే వచ్చేది. పెద్దవాళ్లు దాన్ని బద్ధకం అనేవారు. ఒంటి కింద ఒక మేట్, మోకాళ్ల కింద రెండు దిండ్లు, తల దగ్గర నాలాంటి గురువు చేరాక దాని పేరు యిన్ యోగా అయింది.

పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఆసనంలో మీ ఒంటికి సరిపడినంత లోతుకే వెళ్లాలి. వెళ్లాక కదలకూడదు. అలాగే కాసేపు ఉండిపోవాలి. కాసేపంటే మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు, అలవాటు పడినవాళ్లకు ఇంకా ఎక్కువ. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. మిగిలిన నలభై తొమ్మిది గంటల యాభై తొమ్మిదిన్నర నిమిషాల్లో మాకు చైనా వైద్యం నేర్పారు.

ఆ రోజు నుంచి నాకు ఏ మోకాలూ ఒట్టి మోకాలులా కనిపించడం లేదు.

చైనా వైద్యం ప్రకారం ఒంట్లో పన్నెండు ప్రధాన మార్గాలున్నాయి. వాటిని మెరిడియన్లు అంటాం. ఊపిరితిత్తులు, గుండె, గుండె పొర, ప్లీహం, కాలేయం, మూత్రపిండాలు యిన్ వైపు, అంటే నిశ్చలమైన వైపు. పెద్దపేగు, చిన్నపేగు, జీర్ణాశయం, పిత్తాశయం, మూత్రాశయం, ట్రిపుల్ బర్నర్ యాంగ్ వైపు, అంటే చురుకైన వైపు. ట్రిపుల్ బర్నర్ అంటే మూడు పొయ్యిలు. అది ఒంట్లో ఎక్కడుందని శిక్షణలో అడిగాను. దానికి పేరే తప్ప రూపం లేదని రెండు వేల ఏళ్ల కిందటి చైనా వైద్య సంప్రదాయమే చెప్పిందన్నారు. అది నా మనసుకు బాగా నచ్చింది. పేరుండి రూపం లేనిదాన్ని బాగుచేస్తానంటే కాదనేవాడెవడు?

ఈ మార్గాల్లో తిరిగే ప్రాణశక్తిని చీ అంటారు. ఈ పాఠం తెలుగులో చెప్పేవాడి కష్టం చైనావాళ్లకు తెలియదు. మొదటి రోజు, మొదటి తరగతిలో, కళ్లు మూసుకుని ఎంతో ప్రేమగా, "మీ ఒళ్లంతా చీ" అన్నాను. కళ్లు తెరిచేసరికి ఒక మేట్ ఖాళీగా ఉంది. ఆవిడ మళ్లీ రాలేదు.

ఉన్నవాళ్లలో మాస్టారు ఒకరు. రిటైరైన సైన్సు టీచరు, నడుం నొప్పితో వచ్చారు. నిజానికి నా తరగతికి నడుం నొప్పితో వచ్చినవాళ్లే ఎక్కువ, కానీ వెళ్లేటప్పుడు ఎవరినీ ఒక్క నడుం నొప్పితో పంపను. మూత్రాశయ మార్గం కంటి మూలలో మొదలై, తల మీదుగా, వీపంతా దిగి, కాళ్ల వెనక నుంచి చిటికెన వేలి దాకా పోతుంది. దాని మీద ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చే 67 బిందువులు. అన్నిటికన్నా పొడవైన మార్గం అదే. ముందుకు వంగితే చాలు, అది సాగుతుంది. చైనా వైద్యంలో ప్రతి అవయవానికి ఒక జంట, ఒక మూలకం, ఒక కాలం, ఒక భావం ఉంటాయి. మూత్రాశయానికి జంట మూత్రపిండం, దాని మూలకం నీరు, కాలం చలికాలం, భావం భయం. కాబట్టి మాస్టారు ముందుకు వంగలేకపోవడం చూడగానే నాకు విషయం అర్థమైంది.

"మాస్టారూ, మీరు దేనికో భయపడుతున్నారు."

"నడుం పట్టేస్తుందేమోనని బాబూ" అన్నారాయన.

చూశారా? శాస్త్రం ఎంత ఖచ్చితమో.

ఆసనాల పేర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఈ ఆసనాలు చాలావరకు మనకు తెలిసినవే, అయితే విదేశాలు తిరిగి పేర్లు మార్చుకుని వచ్చాయి. పశ్చిమోత్తానాసనం గొంగళిపురుగు అయింది. గోముఖాసనం షూ లేసు అయింది. హలాసనంలో నాగలి పోయి నత్త వచ్చింది, దున్నేవాడు లేకపోతే నాగలి నత్తలాగే నడుస్తుంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు. సుప్త వీరాసనంలో వీరుణ్ణి దించేసి జీను ఒక్కటే మిగిల్చారు. కపోతాన్ని మాత్రం ప్రమోషన్ ఇచ్చి నిద్రపోయే హంసను చేశారు. శవాసనం ఐదు కోణాల నక్షత్రమైంది, ఆ శవానికి ఇంతకన్నా సద్గతి లేదు. ఇందులో ఒక మర్మం ఉందని ఒప్పుకోవాలి. పేరు మారితే ఉద్దేశం మారుతుంది. గొంగళిపురుగులో వీపు నిటారుగా ఉంచక్కర్లేదు, తొడలు బిగించక్కర్లేదు, కండరాలను వదిలేసి వీపు గుండ్రంగా వాలిపోవచ్చు. బిగించిన కండరం బరువంతా తనే మోస్తుంది. దాన్ని వదిలేస్తేనే కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లకు, కండరాలను చుట్టి ఉండే పొర ఫేసియాకు ఆ లాగుడు చేరుతుంది. అవి మెల్లగా, చాలాసేపు లాగితే గాని స్పందించవు. ఇది ఏ మెరిడియన్ గొడవా లేకుండా నిలబడే మాట. అందుకే తరగతిలో దీన్ని త్వరగా దాటేస్తాను.

మా పోస్టర్ మీద 'వేల ఏళ్ల ప్రాచీన విద్య' అని రాశాను. మాస్టారు అది చూసి, ఎన్ని వేలు అని అడిగారు. లెక్క చెప్పక తప్పలేదు. పాలీ జింక్ అనే అమెరికన్ యుద్ధవిద్యల గురువు 1970ల చివర్లో, చైనా తావో తత్త్వం కలిపిన తావో యోగా నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పాల్ గ్రిల్లీ నేర్చుకున్నాడు. గ్రిల్లీకి శరీర నిర్మాణ శాస్త్రం మీద మోజు. ఆయనకు మెరిడియన్ల సిద్ధాంతం హిరోషి మోతోయామా అనే జపాన్ పండితుడి దగ్గర దొరికింది. గ్రిల్లీ శిష్యురాలు సారా పవర్స్ దీన్ని యిన్ యోగా అని పిలవడం మొదలుపెట్టింది. అంటే ఆసనాలు భారత్‌వి, తత్త్వం చైనాది, సిద్ధాంతం జపాన్ మీదుగా వచ్చింది, పేరు అమెరికాలో పెట్టారు.

"అయితే నా ఉద్యోగం కంటే చిన్నదన్నమాట" అన్నారు మాస్టారు.

గాలి పాతదే మాస్టారూ, ఫ్యాను కొత్తది అన్నాను. పోస్టర్ మార్చలేదు.

ఇక గడియారం. చైనా వైద్యంలో ప్రతి అవయవానికి రోజులో రెండు గంటల వేళ ఉంది. తెల్లవారుజామున 3 నుంచి 5 ఊపిరితిత్తులది, ఉదయం 7 నుంచి 9 జీర్ణాశయానిది, రాత్రి 1 నుంచి 3 కాలేయానిది. కాలేయం భావం కోపం. ఒకమ్మాయి రోజూ రాత్రి రెండున్నరకు మెలకువ వస్తోందని చెప్పింది. ఎవరి మీద కోపంగా ఉన్నావని అడిగాను. ఎవరి మీదా లేదంది. ఉంటుంది, తవ్వుకో అన్నాను. మూడు వారాలు తవ్వుకుని అక్క మీద ఉందని తేల్చింది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవడం మానేశారు. ఆ తర్వాత బయటపడిన విషయం ఏమిటంటే, ఆ అమ్మాయి పడుకునే ముందు సీసాడు నీళ్లు తాగుతోంది. అయినా నా నిర్ధారణలో లోపం లేదు. మూత్రాశయం వేళ మధ్యాహ్నం 3 నుంచి 5. రాత్రి రెండున్నరకు ఆ అవసరం రావడం శాస్త్రసమ్మతం కాదు.

ఇంకొకాయనకు కిడ్నీలో యిన్ లోపించిందని చెప్పాను. పాపం, మర్నాడే వెళ్లి రక్తపరీక్ష చేయించుకుని, క్రియాటినిన్ మామూలుగా ఉందని రిపోర్టు పట్టుకొచ్చాడు. నేను నవ్వాను. ల్యాబ్ చూసింది కిడ్నీని, నేను చెప్పింది కిడ్నీ గురించి. చైనా వైద్యంలో కిడ్నీ అంటే మూత్రం వడపోసే ఆ రెండు గింజలు మాత్రమే కాదు. ఎముకలు, చెవులు, జుట్టు, పెరుగుదల, ముసలితనం, అన్నీ ఆ పేరు కింద ఉన్న కార్యాలయం పరిధిలోకే వస్తాయి. ఆ తేడా ముందే చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ముందే చెబితే ఆయన భయపడడు. భయపడకపోతే అది కిడ్నీ సమస్య అని నాకెలా తెలుస్తుంది?

చైనాలో ఈ వైద్యం చదవాలంటే కాలేజీలో ఐదేళ్లు పడుతుంది. అక్కడి వైద్యులు ఒక్కో మణికట్టు మీద మూడు చోట్ల నాడి పట్టుకుని, నాలుక రంగు, పూత చూసి, బోలెడు ప్రశ్నలడిగి, అప్పుడు గాని నోరు విప్పరట. నాకంత తీరిక లేదు. నేను తొడ చూసి చెప్పేస్తాను.

ఒకసారి అలాంటి వైద్యం చదివినావిడే మా తరగతికి వచ్చింది. నిద్రపోయే హంసలో ఉన్నప్పుడు నేను అందరికీ పిత్తాశయ మార్గం గురించి, నిర్ణయాలు తీసుకోలేని బలహీనత గురించి ఇరవై వాక్యాలు చెప్పాను. ఆవిడ పక్క మేట్ మీదున్న కుర్రాణ్ణి చూసి మెల్లగా, "మోకాలు నొప్పిగా ఉంటే మడమను లోపలికి లాక్కో నాన్నా" అంది. అంతే. ఐదేళ్లు చదివి అంత చిన్న మాట చెప్పడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తిమ్మిరి సంగతి వేరు. మా తరగతిలో ఆ మాట ఎవరూ వాడరు. కాలు జివ్వుమంటే చీ కదిలిందంటాం, మొద్దుబారితే చీ నిలదొక్కుకుందంటాం. మాస్టారు దీనికి మాత్రం ఒప్పుకోలేదు. 1971లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 'యోగా ఫుట్ డ్రాప్' అని ఒక కేసు వచ్చిందని చెప్పారు. వజ్రాసనంలో గంటల తరబడి కూర్చున్న మనిషికి మోకాలి దగ్గర నరం నలిగి పాదం పైకి లేవకుండా వేలాడిపోయిందట. "మందంగా లాగినట్టుంటే ఉండొచ్చు బాబూ, పొడిచినట్టు, కరెంటు కొట్టినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటే బయటికొచ్చేయాలి" అన్నారు. విచిత్రమేమిటంటే నా శిక్షణ పుస్తకంలోనూ సరిగ్గా ఇదే ఉంది, ఐదో పేజీలో. మెరిడియన్ల బొమ్మ ఆరో పేజీలో ఉంది, నేను అక్కడి నుంచి చదివాను.

ఎముకల పేజీ కూడా అలాగే తప్పిపోయింది. అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వదిలే సీతాకోకచిలుక ఆసనంలో మాస్టారి మోకాళ్లు నేలకు జానెడు ఎత్తున ఆగిపోతే, కాలేయ మార్గం బిగుసుకుంది, ఎవరినో క్షమించాలి అని చెప్పాను. ఆయన ఆరు నెలల్లో తెలిసినవాళ్లందరినీ వరసగా క్షమించారు. మోకాళ్లు అక్కడే ఉన్నాయి. చివరికి ఆయనే రెండు ఎక్స్-రే బొమ్మలు తెచ్చి చూపించారు. తొడ ఎముక మెడ ఒక్కొక్కరికి ఒక్కో కోణంలో ఉంటుంది, తుంటి గిన్నె ఒకరిది ముందుకు, ఒకరిది పక్కకు తిరిగి ఉంటుంది. ఎముక వెళ్లి ఎముకకు తగిలాక ఇక సాగడానికి ఏమీ ఉండదు. గ్రిల్లీ జీవితమంతా అస్థిపంజరాలు పట్టుకుని చెబుతున్నది ఇదేనట. అంటే మేము గురువుగా చెప్పుకునే మనిషి చేతిలో ఉన్నది ఎముక, నా చేతిలో ఉన్నది కాలేయం.

నేను ఊరుకోలేదు, నాకూ ఒక పరిశోధన తెలుసు. 2002లో హెలెన్ లాంజెవిన్ అనే పరిశోధకురాలి బృందం చేతి మీది ఆక్యుపంక్చర్ బిందువులను శవాల కణజాలంతో పోల్చి చూస్తే, సుమారు 80 శాతం బిందువులు కండరాల మధ్య ఫేసియా లాంటి సంధానక కణజాలపు పొరలు ఉన్న చోటే పడ్డాయి. మాస్టారు శ్రద్ధగా విని, చాలా ఆసక్తికరమైన విషయమన్నారు. తర్వాత, "ఇందులో కోపం ఎక్కడుంది?" అని అడిగారు. అది చేయి మీద చేసిన పరిశీలన. దాన్ని తొడ దాకా, అక్కడి నుంచి కాలేయం దాకా, అక్కడి నుంచి ఆ అమ్మాయి అక్క దాకా లాగింది నేనే. సాగదీయడం నా వృత్తి కదా.

మీకు ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది, ఈ విద్యలో అందరికన్నా కష్టం గురువుదే. శిష్యులు ఐదు నిమిషాలు కదలకుండా పడుకుంటే సరిపోతుంది. ఆ ఐదు నిమిషాలూ నేనేం చేయాలి? యిన్ అంటే కొండకు నీడపడే వైపు, నిశ్చలం, మౌనం అని చెప్పడం మొదలుపెడితే రెండు నిమిషాలు గడుస్తాయి. మాటలను వదిలేయండి, ఆలోచనలను వదిలేయండి అని మరో నిమిషం. మిగిలిన రెండు నిమిషాల నిశ్శబ్దంలో ఎవరి కడుపో గుర్రుమంటుంది, ఎవరో దగ్గుతారు, నేను డబ్బు తీసుకున్న సంగతి నాకు గుర్తొస్తుంది. అప్పుడే ప్లీహం, దాని దిగులు జ్ఞాపకం వస్తాయి.

కిందటి వారం నా గొంతు పోయింది. మాట్లాడి మాట్లాడి పోయిందని ఇంట్లో అన్నారు. కాదు, ఊపిరితిత్తుల మార్గంలో లోహ మూలకం చెదిరింది, దాని భావమైన దుఃఖం లోపల పేరుకుపోయింది. తరగతి రద్దు చేయడం ఇష్టంలేక, ఆసనం పేరు కాగితం మీద రాసి చూపించి, గంట కొట్టి, ఒక మూల కూర్చున్నాను. గొంగళిపురుగు ఐదు నిమిషాలు. హంస అటు ఐదు, ఇటు ఐదు. ఇద్దరు గురకపెట్టారు. మాస్టారి మోకాళ్ల కింద దిండ్లున్నాయి, నేలకు జానెడు ఎత్తులో అవి హాయిగా ఆనుకుని ఉన్నాయి. రాత్రి రెండున్నర అమ్మాయి కూడా వచ్చింది, పక్కన వాళ్ల అక్క.

అయిపోయాక ఎవరూ వెంటనే లేవలేదు. మాస్టారు మేట్ చుట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, "ఇవాళ ఎన్నడూ లేనంత బాగుంది బాబూ, ఏం మార్చావు?" అన్నారు.

జవాబు చెప్పడానికి గొంతు లేదు. తల ఊపాను. వచ్చే వారానికి వచ్చేస్తుంది, ఆ నిశ్శబ్దం ఏ మెరిడియన్ మీద ఎలా పనిచేసిందో అందరికీ వివరంగా చెప్పాలి. ఐదు నిమిషాలు చాలవు, గొంగళిపురుగును పదిహేనుకు పెంచుతున్నాను.