పెయింట్ డబ్బా గారికి ఒక ఓటరు రాయునది

మహారాజశ్రీ పెయింట్ డబ్బా గారికి,

ఆంధ్రప్రదేశ్ ఓటరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరికి ఊపిరి తీసుకునే తీరిక లేదని, ప్రభుత్వం మారినప్పుడల్లా రంగు మారే గోడలు చూస్తేనే తెలుస్తోంది. 2024 జూన్ 4న ఓట్లు లెక్కపెట్టి టీడీపీకి 135, జనసేనకు 21, బీజేపీకి 8, వైసీపీకి 11 అని టీవీల్లో చదివారు. తమరి పేరు మాత్రం ఎవరూ చదవలేదు. 2019లోనూ అంతే. వైసీపీ 151, టీడీపీ 23, జనసేన 1 అన్నారు గానీ, రెండుసార్లూ అసలు గెలిచింది తమరేనని ఒక్క విశ్లేషకుడి నోటా రాలేదు. నాకు మనసు చివుక్కుమంది. అందుకే ఈ ఉత్తరం.

తమరి సత్తా తెలియాలంటే చిన్న లెక్క వెయ్యాలి. 2019లో ఓడిన టీడీపీకి పడినవి 39 శాతం పైచిలుకు ఓట్లు. 2024లో ఓడిన వైసీపీకి పడినవీ 39 శాతం పైచిలుకే. మొదటి 39కి 23 సీట్లొస్తే రెండో 39కి 11 వచ్చాయి. మేమేదో రాష్ట్రాన్ని తలకిందులు చేసేశామని అందరూ అంటారు. తీరా చూస్తే ఐదేళ్లలో వైసీపీకి తగ్గింది నూటికి పది ఓట్లు, ఆపైన ఇంకో అర. మిగతాదంతా టీడీపీ, జనసేన, బీజేపీ కూటమి పొత్తూ, సీట్ల లెక్కా చూసుకున్నాయి. పది మంది మనసు మార్చుకుంటే నూరు గోడలకు రంగు మార్చే ఓపిక మాత్రం తమరొక్కరికే ఉంది.

పాత ఘనకార్యాలు మేం మర్చిపోలేదండి. వైసీపీ హయాంలో పంచాయతీ ఆఫీసులకు నీలం, తెలుపు, ఆకుపచ్చ పట్టించారు. ఇవి పార్టీ జెండా రంగులు, తీసెయ్యండని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది. తీస్తారనుకున్నాం. తీయకపోగా ఎర్రమట్టి రంగు ఒకటి కలిపి, దానికో జీవో ఇచ్చారు, నంబరు 623. ఆకుపచ్చంటే వ్యవసాయమట, నీలమంటే చేపలూ రొయ్యలట, తెలుపంటే పాలట. మట్టి రంగంటే ఏమిటనుకున్నారు? మట్టేనట! అది తెలిశాక మా ఆఫీసు గోడ ముందు నిలబడి రొయ్యల కోసం చాలాసేపు వెతికాను. హైకోర్టు ఆ జీవోనీ కొట్టేసింది, సుప్రీంకోర్టుకు వెళ్లినా దక్కలేదు. ఏమాటకామాటే, ఢిల్లీలో అంత పెద్ద కోర్టు మెట్లెక్కిన గౌరవం ఏ డాల్డా డబ్బాకైనా ఉందా?

టీడీపీ వాళ్ల పసుపు డబ్బాలు తక్కువ తిన్నాయని కాదు. 2018లో అన్న క్యాంటీన్లు తెరిచారు, ఐదు రూపాయలకు టిఫిన్. 2019లో ప్రభుత్వం మారింది, తాళం పడింది. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరిచారు. ఇడ్లీ ఏ పార్టీదో తేలడానికి ఐదేళ్లు పట్టిందన్నమాట.

బోర్డుల సంగతి చెప్పనక్కర్లేదు. విజయవాడలో ఎన్టీఆర్ పేరున్న హెల్త్ యూనివర్సిటీని 2022లో వైఎస్సార్ పేరుకు మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌ను తెచ్చారు. 2021లో ఎంబీబీఎస్‌లో సీటొచ్చిన కుర్రాడు ఎన్టీఆర్ యూనివర్సిటీలో చేరి, వైఎస్సార్ యూనివర్సిటీలో పరీక్షలు రాసి, తిరిగి ఎన్టీఆర్ యూనివర్సిటీ నుంచి పట్టా పుచ్చుకుంటాడు. అలాగని వాడు కాలేజీ మారిందీ లేదు, హాస్టల్ మారిందీ లేదు. బడిలో జగనన్న గోరుముద్ద కాస్తా డొక్కా సీతమ్మ భోజనమైంది. జగనన్న విద్యా కానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. కుర్చీలో ఉన్నవాళ్ల పేర్లకంటే ఇవి నయమని ఒప్పుకుంటాను. సీతమ్మ గారు అడగని వాళ్లకు కూడా అన్నం పెట్టిన మనిషి. అయినా తమరికి పేరుతో పనేముంది, బోర్డు మారితే చాలు.

తమరి పప్పులుడకనిది పొలాల్లోని సర్వే రాళ్ల దగ్గరే. జగన్ పేరు వాటి మీద చెక్కించారు. చెక్కినదాన్ని రంగు ఏం చేస్తుంది? పాసు పుస్తకాలైతే రాజముద్రతో కొత్తవి అచ్చు వేయిస్తే సరిపోతుంది. రాయిని మళ్లీ అచ్చు వెయ్యలేరు కదా.

తమరి వల్ల కాని పనులకు జేసీబీ గారున్నారు లెండి. 2019 జూన్‌లో ఉండవల్లిలో చంద్రబాబు హయాంలో కట్టిన ప్రజావేదికను, 2024 జూన్‌లో తాడేపల్లిలో కడుతున్న వైసీపీ ఆఫీసును ఆయనే పడగొట్టారు. ఆయనకు జూన్ నెల బాగా అచ్చొచ్చినట్టుంది.

అసెంబ్లీలో మాత్రం తమరికి టెన్షన్ లేదు. ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని 2021 నవంబరులో చంద్రబాబు శపథం చేసి వెళ్లిపోయారు, అన్నట్టే వచ్చారు. ఇప్పుడు జగన్ ప్రతిపక్ష నేత హోదా ఇస్తే వస్తానంటారు. సభలో పదో వంతు, అంటే 18 మంది ఉండాలి, మీకున్నది 11 అని అధికార పక్షం వాళ్లంటారు. ఎవరు గెలిచినా అవతలి పెద్దాయన కుర్చీ ఖాళీయే కాబట్టి దానికి ఏ రంగైనా పర్లేదు.

చివరగా ఒక విన్నపం. మా ఊరి ఆఫీసు శ్లాబు కారుతోంది. వానాకాలం గోడ ఉబ్బి రంగు పెచ్చులుగా లేస్తే, కింద పాత ప్రభుత్వం, దాని కింద అంతకుముందు ప్రభుత్వం బయటపడుతున్నాయి. చూసినవాళ్లు తగాదా పడుతున్నారు. 2029లో ఎవరొచ్చినా తమరు రాక తప్పదు కాబట్టి, ఆ వచ్చేదేదో వాటర్‌ప్రూఫ్ రకం రాగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆ నూటికి పది మందిలో ఒకడు

తా.క.: తెలంగాణలో 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక కొత్త బళ్ల నంబరు ప్లేట్ల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది. ప్లేటుకు ఒక్క అక్షరమే. అంత చిన్న పనికి వెళ్లింది తమరి తమ్ముళ్లెవరైనా అయితే అడిగానని చెప్పండి.