ఆపమంటే పైకి లాగారు

ఆర్టీసీ బస్సులో 31 ఏళ్లు కండక్టరుగా చేసినవాడికి వేరే విద్యలేవీ అబ్బకపోయినా, మోతలో మాట చేరవేసే విద్య మాత్రం అబ్బుతుంది. ఇంజను రొద, చిల్లర తగాదాలు, సీటు కింద గంపలో కోళ్ల గోల, వీటన్నిటినీ దాటుకుని వెనక తలుపు దగ్గరున్న నా మాట ముందున్న డ్రైవరు చెవిన పడాలి. అందుకని ఒక విజిల్ వేస్తే బండి ఆగాలనీ, రెండు వేస్తే కదలాలనీ ఏర్పాటు. విజిల్ నోటికి అందనప్పుడు బండి రేకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి “రైట్, రైట్” అంటే సరిపోయేది. మరీ అవసరమైతే “హోల్డాన్” అని ఒక్క కేక. ఈ మూడు ముక్కలతో సర్వీసంతా మచ్చ లేకుండా నెట్టుకొచ్చిన నేను, అట్లాంటా దగ్గర మా అమ్మాయి ఇంటి పెరట్లో ఒక చెట్టు కొట్టించిన రోజున, నోరు విప్పిన ప్రతిసారీ ఏదో ఒక ఉపద్రవం తెచ్చిపెట్టాను.

ఆ చెట్టు వాటర్ ఓక్. ఓక్ జాతిలో ఇది అల్పాయుష్షుదట. 60, 80 ఏళ్లకే లోపల గుల్లబారుతుందట. పైకి మాత్రం పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ ఉంటుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను జార్జియాలో ఎన్నో చెట్లను ఇళ్ల మీదా కరెంటు తీగల మీదా పడగొట్టిన తరువాత, గాలి వీచిన రాత్రల్లా మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని వీధివైపు గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. చివరకు చెట్ల సంగతి తెలిసిన నిపుణుణ్ణి పిలిపిస్తే, అతడు కొయ్య సుత్తితో మాను చుట్టూ తట్టి, చెవి ఒగ్గి విని, మనవాళ్లు పుచ్చకాయ బేరమాడేటప్పుడు పెట్టే ముఖమే పెట్టి, కొట్టేయక తప్పదని తేల్చాడు.

చెప్పిన రోజున నలుగురు వచ్చారు: పైకి ఎక్కే కుర్రవాడు, కింద తాడు పట్టేవాడు, కొమ్మలను ముక్కముక్కలు చేసే చిప్పరు యంత్రానికి తినిపించేవాడు, వీరందరి మీద ఒక లీడరు. నేను ఉదయమే కాఫీ తాగి, కేకలు వినడానికి సిద్ధపడి పెరటి వైపు చెక్క అరుగు, అంటే డెక్ మీద కుర్చీ వేసుకున్నాను. ఎందుకంటే మా ఊళ్లో కొబ్బరిచెట్టు ఎక్కినవాడు గెల నరికే ముందు వేసే కేక చెరువుగట్టు దాకా వినిపిస్తుంది; కింద ఉన్నవాడు దానికి రెట్టింపు గొంతుతో బదులు చెబుతాడు; దారిన పోయేవారు కూడా తలో సలహా ఇస్తారు. అలాంటిది ఇక్కడ 70 అడుగుల ఎత్తున వేలాడుతున్న మనిషి పెదవులు కదుపుతున్నాడు, కిందివాడు తనలో తాను నవ్వుకుంటున్నాడు, లీడరు ఎవరూ లేని వైపు తిరిగి తల ఊపుతున్నాడు. నలుగురికీ ఒకేసారి గాలి సోకిందేమోనని నాకు అనుమానం వచ్చింది.

“హెల్మెట్లలో హెడ్‌సెట్లు ఉన్నాయి మామయ్యగారూ” అన్నాడు మా అల్లుడు. సాఫ్టువేరు మనిషి కనుక అంతటితో ఆగలేదు. రంపం మోత 100 డెసిబెల్స్ దాటుతుందనీ, చిప్పరు దానికేమీ తీసిపోదనీ, అందువలన చెవులకు డిప్పలు పెట్టుకోక తప్పదనీ, డిప్పలు పెట్టుకుంటే కేకలు వినపడవనీ, వాకీటాకీ అయితే మాట్లాడినప్పుడల్లా ఒక చెయ్యి మీటకు అప్పగించాలి కానీ పైవాడి రెండు చేతులూ రంపానికే చాలవనీ, కనుక ఫోనులో లాగా ఇటూ అటూ ఒకేసారి మాట్లాడుకునే ఈ వైర్‌లెస్ పరికరాలను మోటారు సైకిళ్లవారి తరువాత చెట్లవారు కూడా పట్టుకున్నారనీ వివరించాడు. అదీగాక, అక్కడ చెట్ల పనికి జెడ్133 అనే భద్రతా ప్రమాణం ఉందట. పైవాడు “స్టాండ్ క్లియర్” అంటే, కిందివాడు “ఆల్ క్లియర్” అని బదులు చెప్పిన తరువాతే కొమ్మ కోసి వదలాలట. ఈ ముక్క వినగానే వారి మీద నాకు గౌరవం కలిగింది. డ్రైవరూ కండక్టరూ చేసే కాపురమే కదా అది!

గౌరవం కలిగినవాడు దూరంగా కూర్చోలేడు. నేను డెక్ మెట్లు దిగి రెండు అడుగులు ముందుకు వేశాను. లీడరు వచ్చి, అంత దగ్గరలో ఉండాలంటే హెల్మెట్ తప్పదని చెప్పి, బండిలో అదనంగా ఉన్న ఒకటి తెచ్చి నా నెత్తిన పెట్టి, కట్టిన రంగు తాడు దాటవద్దని సైగ చేశాడు. దానికీ హెడ్‌సెట్ ఉంది. చెంప పక్కన మైకు కాడ ఒకటి, కొసన నల్లటి స్పాంజి బొడిపెతో, నుదుటి వైపు ఎత్తిపెట్టి ఉంది. దాన్ని ఎత్తిపెడితే మూగ, దించితే మాట అన్న రహస్యం నాకు ఎవరూ చెప్పలేదు. కంటికి అడ్డంగా ఉందని దించాను. నిజం చెప్పాలంటే, దించితే విమానం నడిపేవాడిలా ఉంటుందని కూడా దించాను.

వినపడడం మొదలైంది. 70 అడుగుల ఎత్తున ఉన్న మనిషి ఊపిరి నా చెవిలోనే తీస్తున్నాడు. అతడు నోట్లో బబుల్‌గమ్ నమలడం, నడుం బెల్టుకు వేలాడే ఇనుప కొక్కేలు గలగలమనడం, రంపం ఆగిన మరుక్షణం ఒక నిట్టూర్పు, అన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి. తాడు పట్టినవాడు స్పానిష్ మాతృభాషగా కలవాడు. కూతురి పుట్టినరోజుకు కేకు ఎంత పెద్దది చెప్పాలో పైవాణ్ణి సలహా అడుగుతున్నాడు. పైవాడు కొమ్మ కోస్తూనే చెబుతున్నాడు. ఇతరుల మాటలు వింటూ కూర్చోవడంలో ఎంత సుఖం ఉందంటే, మన మాటలు కూడా వారికి వినిపిస్తూ ఉండవచ్చునన్న ఆలోచన ఆ దరిదాపులకు రాదు.

ఇంతలో మా ఆవిడ మజ్జిగ తెచ్చింది. “ఏమండీ, ఆ పిల్లవాడికి పెళ్లయిందంటారా?” అని అడిగింది. చెవులకు డిప్పలున్నవాడు మామూలుగా మాట్లాడుతున్నానని అనుకుంటూనే అరుస్తాడు. నేను అరిచాను: కోతికి కూడా ఇంత దర్జా ఉండదనీ, జీతం బాగానే ముడుతుందనీ, లీడరు ముఖం మాత్రం మా పాత డిపో మేనేజరును తలపిస్తున్నదనీ. ఈ ఉపన్యాసమంతా నాలుగు హెల్మెట్లలోకీ ప్రసారమైందని తరువాత తెలిసింది. లీడరు అది తాడు పట్టినవాడు మాట్లాడే స్పానిష్ అనుకున్నాడట. తాడు పట్టినవాడు మరెక్కడి రేడియోనో కలుస్తున్నదని అనుకున్నాడట.

అసలు సంగతి 11 గంటలకు జరిగింది. ఒక లావుపాటి కొమ్మకు చేతిలోని చిన్న రంపం చాలక, పైవాడు పెద్ద రంపం పంపమన్నాడు. దాన్ని తాడుకు కట్టి, అతడి తలకు పైనున్న కప్పీ మీదుగా కిందివాడు లాగుతున్నాడు. ఎండ కళ్లలో పడుతున్నందువలన అతడు పైకి చూడడం లేదు. చెవిలో మాట ఉండగా చూడవలసిన పని కూడా లేదు. హెడ్‌సెట్లు లేని రోజుల్లో పైవాడి చెయ్యి మీద నుంచి చూపు తిప్పేవారు కారట.

రంపం పైవాడి మోకాలి దాకా వచ్చిన సమయంలో, నా వెనక మా మనవడు డెక్ తలుపుకేసి బంతి కొట్టడం ప్రారంభించాడు. గాజు తలుపు. నేను వెనక్కి తిరిగి “ఆపు!” అన్నాను.

తాడు పట్టినవాడికి అది “అప్” అని వినిపించింది. రెండు బారలు లాగాడు. రంపం పైవాడి ముక్కు ముందు నుంచి సాగిపోయింది.

“తాతయ్యా, ఒక్కసారి” అన్నాడు మనవడు. “ఆపు, ఆపు, ఆపమంటే నీక్కాదూ!” అన్నాను.

మరి మూడు బారలు. చెట్టు మీద నుంచి “హోల్డ్, హోల్డ్” అని గొంతు వినిపించింది కానీ, నా గొంతు దానికంటే పెద్దది. అప్పుడు తల తిప్పి చూద్దును కదా, రంపం తాడు కొసన గిరగిర తిరుగుతూ ఆకాశానికి పోతున్నది. ప్రమాదం చూసి ఊరుకోవడం నా వృత్తిలో లేదు. సహాయం చేయాలన్న సదుద్దేశంతో, రెండు చేతులూ ఎత్తి, 31 ఏళ్ల సర్వీసులో ఎన్నడూ వాడనంత గొంతుతో “ఆపు! ఆపు! ఆపు!” అన్నాను. ఆ మహానుభావుడు ఇంతటి తొందర ఎందుకో అర్థం కాకపోయినా, ఆజ్ఞ పాటించడంలో లోపం చేయకుండా, ఒంటి బరువంతా వేసి లాగాడు. రంపం వెళ్లి కప్పీకి గుద్దుకుని, పక్కనున్న ఎండుకొమ్మను కదిలించింది.

“హెడేక్!” అని పైనుంచి కేక వచ్చింది.

పాపం, ఇంత రభసలో తలనొప్పి రావడం సహజమేనని నాకు అనిపించింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నా చొక్కా జేబులో విమానం ఎక్కి వచ్చి, ఇన్నాళ్లుగా ఎవరికీ ఉపయోగపడకుండా ఉంది. డబ్బా తీసి, ఎత్తి చూపుతూ, రంగు తాడు దాటి చెట్టు వైపు నడిచాను. “హెడేక్” అంటే పైనుంచి ఏదో పడుతున్నది, దూరం పొండి అని ఆ వృత్తిలో అర్థమట. లోకమంతా చెట్టుకు దూరంగా పరుగెత్తుతుంటే ఒక్కణ్ణి మందు డబ్బాతో దగ్గరకు పోతున్నాను.

లీడరు రెండు చేతులూ చాచి, చెకింగ్ స్క్వాడ్ బస్సుకు అడ్డం పడినట్టు నాకు అడ్డం పడ్డాడు. కొమ్మ మాకు 20 అడుగుల అవతల పడి నాలుగు ముక్కలైంది. యంత్రాలన్నీ ఆగాయి. లీడరు మిగిలిన ముగ్గురినీ ఉద్దేశించి, “అప్” అన్నది ఎవరని నెమ్మదిగా అడిగాడు. ఎవరూ కాదన్నారు. నేను కూడా, మా అల్లుడి వైపు తిరిగి, “ఏమంటున్నాడు బాబూ?” అని అడిగాను. ఆ ప్రశ్న లీడరు చెవిలో రెండుసార్లు వినిపించింది: ఎదురుగా ఒకసారి, హెల్మెట్‌లో ఒకసారి. అతడి చూపు నా చెంప పక్కనున్న నల్ల బొడిపె మీద నిలిచింది.

అల్లుడు తెలుగు క్రియాపదాల గురించి వారికి పాఠం చెప్పవలసి వచ్చింది. అంతా విన్న తరువాత లీడరు, నన్ను ఒక్క మాట అనకుండా, తన బాధ చెప్పుకున్నాడు. “గో”, “నో”, “వో” (ఆగమనే కేక) అనే మూడూ హెడ్‌సెట్‌లో ఒకేలా వినిపిస్తాయని ఆ జట్టువారు ఎప్పుడో మానుకుని, ఆపడానికి “హోల్డ్” అనే మాటను ఏరికోరి పెట్టుకున్నారట. తెలుగు సంగతి వారిని ఎవరూ హెచ్చరించలేదు. నా మైకు కాడను పైకి ఎత్తి, నల్ల టేపు మూడు చుట్లు చుట్టి, హెల్మెట్ తిరిగి నా నెత్తిన పెట్టాడు. తాడు పట్టినవాడు మధ్యాహ్నమంతా చిప్పరు దగ్గరివాణ్ణి “ఆపు” అని ఆటపట్టిస్తుంటే, పని అయ్యేవరకు ఆ మాట ఎవరూ అనకూడదని ఆంక్ష కూడా విధించాడు. అమృతాంజనం మాత్రం భోజనాల వేళ పైకి ఎక్కిన కుర్రవాడు నిజంగానే అడిగి రాసుకున్నాడు.

సాయంత్రం అయిదింటికి చెట్టు ఉన్నచోట ఆకాశం మిగిలింది. హెల్మెట్ అప్పగించాను. అందరితో కరచాలనాలయ్యాయి. చిప్పరు తగిలించిన లారీని మా వాకిలి నుంచి వెనక్కి తీయడం తేలిక పని కాదు. ఒక పక్క పూల కుండీలు, ఇంకొక పక్క వీధి చివర పోస్టు పెట్టె. డ్రైవరు అద్దం దించి తల బయటపెట్టి చూస్తున్నాడు. బండి వెనక నిలబడే మనిషి కనిపించడం లేదు. ఇక్కడ నా అనుభవం పనికిరాకపోతే మరెక్కడ పనికొస్తుంది? మైకూ లేదు, చెవులకు డిప్పలూ లేవు, పొరపాటుకు తావే లేదు. వెనక్కి వెళ్లి, దారి తిన్నగా ఉన్నదని చూసుకుని, లారీ రేకు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, హాయిగా “రైట్, రైట్!” అన్నాను.

అతడు స్టీరింగును కుడివైపు తిప్పాడు. నేను మళ్లీ “రైట్!” అన్నాను. మళ్లీ తిప్పాడు.

లీడరు పరుగెత్తుకు వస్తూ “హోల్డాన్!” అని అరిచాడు. ఆ ఒక్క మాటకు రెండు దేశాల్లోనూ అర్థం ఒకటే కావడం వలన లారీ వెంటనే ఆగింది. పోస్టు పెట్టె ఆగలేదు.