సవరణ: ‘లాహిరి లాహిరి’ బాణీ గురించి

నాకిష్టమైన పాత పాటల గురించి మొన్న రాసిన పోస్టులో, ‘మాయాబజార్’ (1957) పాటలన్నిటికీ బాణీలు కట్టింది ఘంటసాల గారే అన్నాను. అది తప్పు. ఆ సినిమాకు ముందుగా సంగీతం మొదలుపెట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. ‘శ్రీకరులు దేవతలు’, ‘లాహిరి లాహిరి లాహిరిలో’, ‘చూపులు కలసిన శుభవేళ’ సహా నాలుగు పాటలకు వరసలు కట్టాక ఆయన తప్పుకున్నారు. వాటికి వాద్యగోష్ఠి కూర్చి రికార్డు చేసింది, మిగతా పాటలకు బాణీలు కట్టింది ఘంటసాల. తెర మీద సంగీత దర్శకుడిగా పేరు పడింది కూడా ఆయనదే. సినీ సంగీత చరిత్ర రాసినవాళ్లు చాలాకాలంగా చెబుతున్న మాటే ఇది. చూసుకోకుండా రాసేశాను.

‘లాహిరి’ గురించి రాసిన మిగతాదంతా అలాగే ఉంచుతున్నాను. మోహన రాగంలో పల్లవి ఎక్కడా తొందరపడదు, పడవ సాగినంత నింపాదిగా సాగుతుంది. ఘంటసాల, పి. లీల గొంతులు ‘ఊగెనుగా’ దగ్గర నిజంగానే ఊగుతాయి. ఆ గొంతుకెంత రుణపడ్డామో, ఆ వరసకూ అంతే. ‘అహ నా పెళ్ళియంట’ మాత్రం బాణీతో సహా ఘంటసాల గారిదే.