సామాన్యుడు రూట్ అయితే తప్పేంటి?

2016 అక్టోబరులో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్‌లో జరిగిన ఒక అన్యాయాన్ని ఇంతవరకు ఎవరూ ఖండించలేదు. నేను ఖండిస్తున్నాను. 2007లో వచ్చిన 2.6.22 వెర్షన్ నుంచి తొమ్మిదేళ్లుగా అందులో కాపురముంటున్న ఒక బగ్‌ని నోటీసైనా ఇవ్వకుండా ఖాళీ చేయించారు. దాని పేరు డర్టీ కౌ. పేరుతో పాటు లోగో కూడా ఉండేది. మనలో ఎంతమందికి లోగో ఉంది?

ఏ హోదా లేని మామూలు యూజర్ పాస్‌వర్డ్ లేకుండా, సిఫార్సు లేకుండా రూట్, అంటే సిస్టమ్‌లో సర్వాధికారి, అయిపోయే దారి అది. రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే రెండు పనులు, ఉంటే చాలు.

మండల ఆఫీసులో అసలు రికార్డు చూడనిస్తారు, రాయనివ్వరు. రాసుకుంటామంటే గుమాస్తా జిరాక్స్ తీసిస్తాడు. కెర్నల్‌లో కాపీ ఆన్ రైట్ (కౌ), అంటే రాయబోతే కాపీ ఇవ్వడం, ఇంతే. ఇద్దరు అన్నదమ్ములు వస్తారు. అన్న "రాయాలి" అని అర్జీ పెడతాడు. గుమాస్తా జిరాక్స్ తీసి, ఇక ఆ సంగతి తేలిపోయిందని అర్జీలో "రాయాలి" అన్న మాట కొట్టేస్తాడు. సరిగ్గా అప్పుడే తమ్ముడు దూరి "జిరాక్స్ మాకొద్దు, పారేయండి" అంటాడు. పారేస్తాడు. మళ్లీ అర్జీ చూస్తే రాయడం మాటే లేదు. చూడ్డానికే కదా అని అసలు రికార్డు చేతిలో పెడతాడు. అన్న జేబులోంచి పెన్ను తీస్తాడు.

కెర్నల్‌లో ఆ తమ్ముణ్ని ఎంఅడ్వైజ్ అంటారు, మెమరీ గురించి కెర్నల్‌కి సలహా ఇచ్చే కాల్. సలహా ఇచ్చేవాళ్లతో ఎప్పుడూ ఇదే గొడవ. టైమింగ్ కుదరకపోతే లక్షసార్లు ప్రయత్నించొచ్చు, విసుక్కునేవాళ్లుండరు.

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే ఇక్కడ ఒక రిపేరు చేశారు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఎస్390 మీద ఇబ్బంది పెట్టడంతో అది రద్దయింది. రెండు పనులు టైమింగ్‌లో పోటీపడే ఈ రేస్ అప్పట్లో ఉత్త సిద్ధాంతమేనట. అంతటితో ఆగితే ఎంత హుందాగా ఉండేది! 2016 ప్యాచ్ (రిపేరు)లో మాత్రం, పదకొండేళ్ల కిందట తానే సరిగ్గా చెయ్యలేదని స్వయంగా రాసిపెట్టారు. పై అధికారులు ఇలా రాతపూర్వకంగా ఒప్పుకోవడం మొదలుపెడితే వ్యవస్థలు నడుస్తాయా?

దీనికంతటికీ కారణం ఫిల్ ఓస్టర్. తన సర్వర్‌కి వచ్చే హెచ్‌టీటీపీ ట్రాఫిక్‌ని దాచిపెట్టుకునే అలవాటున్న మనిషి. అందులో ఎవరో ఈ బగ్ మీద వాడిన ఎక్స్‌ప్లాయిట్ (దాడి ప్రోగ్రాం) దొరికింది. జనం సిద్ధాంతాన్ని ఆచరణలో పెడుతుంటే అభినందించాల్సింది పోయి ఫిర్యాదు చేశారు.

రిపేరు చూస్తే ఇరవై లైన్లు కూడా లేదు. ఫోల్ కౌ అని కొత్త ఫ్లాగ్ (గుర్తు) పెట్టారు. "రాయాలి" అన్న మాట కొట్టెయ్యకుండా, పక్కన "జిరాక్స్ ఇచ్చాం" అని రాస్తారు, ఆ జిరాక్స్ ఇంకా ఉందో లేదో చూస్తారు. కమిటీ లేదు, ప్రజాభిప్రాయ సేకరణ లేదు.

అయితే 2017 నవంబరులో కాస్త ఊరట దొరికింది. 4 కేబీ పేజీలకు (మెమరీ ముక్కలకు) సరిపోయిన ఆ రిపేరు 2 ఎంబీ భారీ పేజీల దగ్గర సరిగ్గా పనిచెయ్యలేదని తేలింది. హ్యూజ్ డర్టీ కౌ అన్నారు. ఏడాది తిరిగేసరికి సైజు పెంచుకుని వచ్చిందన్నమాట. దాన్నీ సరిచేశారు. నా ఖండన దానికీ వర్తిస్తుంది.