సాక్ష్యాల్లో నష్టాల ఖాతా ఏది?

మన క్రైస్తవ సంఘాల్లో వ్యాపారస్తుల సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే మాటలు, విని విని ఈ పోస్టు రాస్తున్నా. కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. వరంగల్, హన్మకొండ, కాజీపేట, ఎక్కడికి పోయినా సాక్ష్యం ఒకటే దారిలో నడుస్తుంది. చేతిలో రూపాయి లేని రోజున ప్రార్థన చేశాను, ఇప్పుడు రెండు దుకాణాలు, ఒక గోదాం, రింగు రోడ్డు పక్కన ప్లాటు. అందరూ హల్లెలూయా. "అబద్ధం చెప్పనన్నందుకు ఈ సీజన్‌లో పెద్ద పార్టీ చేజారిపోయింది, అప్పు మిగిలింది, అయినా దేవునికి స్తోత్రం" అని మైకు పట్టుకుని చెప్పిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అలాంటివాళ్లు లేక కాదు. వాళ్లకు మైకు ఇవ్వరు.

నాది లెక్కలు రాసే పని. కిరాణా, ఎరువులు, అడ్తి (రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం), చిన్న చిన్న కాంట్రాక్టర్లు, అందరి పుస్తకాలూ నా టేబుల్ మీదికి వస్తాయి. జీఎస్టీ రిటర్ను వేసేటప్పుడు మనిషికి భక్తి ఎంతుందో తెలియదు గానీ బిల్లు పుస్తకాలు ఎన్నున్నాయో తెలిసిపోతుంది.

విశ్వాసులు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఆదివారం షట్టర్ తీస్తే తప్పా? దశమభాగం, అంటే దేవునికిచ్చే పదో వంతు, టర్నోవర్ మీద ఇవ్వాలా, లాభం మీద ఇవ్వాలా? (రెండోది అడిగినప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టం. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కూడా టర్నోవర్ అంతటి మీద వేయరు కదన్నా.) కాంటా గురించి, కూలి గురించి, ట్యాక్స్ లెక్కకు ఎక్కని కచ్చా బిల్లు గురించి అడిగినవాళ్లు లేరు. వాళ్ల లెక్కలో అవి దందా విషయాలు, దేవుని విషయాలు కావు.

బైబిల్లో ఆమోసు ఎనిమిదో అధ్యాయం ఒకసారి తీసి చూడండి. అందులో దేవుడు తిట్టిన వ్యాపారులు విశ్రాంతి దినాన్ని పాటించినవాళ్లే! ఆ రోజు దుకాణం మూసుకుని, ఎప్పుడు అయిపోతుందా అని ఎదురు చూస్తున్నారు. అయిపోగానే కొలత తగ్గించి, తూకం మార్చి, తాలు కూడా కలిపి అమ్మొచ్చని. మూసిన షట్టర్ వెనుక వాళ్లు వేసుకున్న లెక్క ఆయనకు కనబడింది. ఇక దశమభాగం సంగతి మత్తయి 23లో ఉంది. పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదో వంతు లెక్కగట్టి ఇచ్చే పరిసయ్యులతో (ధర్మశాస్త్రం మీద పట్టుదల ఉన్న యూదుల వర్గం), న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ వదిలేశారని యేసు అంటాడు. పదో వంతు మానేయమని అనలేదు, ఇదీ చేయాలి అదీ చేయాలి అన్నాడు. కిరాణా దుకాణాల వాళ్లకు ఇంతకంటే దగ్గరి వాక్యం ఇంకేం కావాలి? మన దగ్గర ప్రసంగాలు మాత్రం పదో వంతు తెస్తే దీవెనలు కుమ్మరిస్తాననే మలాకీ మూడు దగ్గరే ఆగిపోతాయి.

ఒక అడ్తిలో చూసింది చెప్తా. రైతు మిర్చి బస్తాలు దింపాడు, చపాట రకం. 2025లో మన వరంగల్ చపాటకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకు అనే ముద్ర) వచ్చిందని అందరం సంబరపడ్డాం కదా, ఆ కాయే. బేరానికి వచ్చినవాడల్లా బస్తా మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తాడు, చూస్తాడు, పక్కన పడేస్తాడు. సాయంత్రానికి ఆ శాంపిల్ కాయలు, కాళ్ల కింద రాలినవి, అన్నీ కలిపి ఊడిస్తే పెద్ద కుప్ప అవుతుంది. ఆ కుప్ప రైతుది కాదట. ఆ తర్వాత తేమ పేరుతో, గోనె సంచి పేరుతో తూకంలో తరుగు. చివరికి చేతికి వచ్చే తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, కమీషన్, హమాలీ, కాంటా కూలి. పైసలు ఇవాళే కావాలంటే దాని మీద ఇంకో కోత. రైతు ఆ చీటీని ముందుకు వెనక్కు తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. కౌంటర్ వెనక గోడకు వాక్యం క్యాలెండర్ వేలాడుతోంది.

లేవీయకాండం 19లో దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. కోతలో రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయమంటుంది. అంటే ఉన్నవాడి చేతిలోంచి రాలింది లేనివాడిది. మన దగ్గర లేనివాడి బస్తాలోంచి రాలింది ఉన్నవాడిది అవుతోంది. మనం ఫ్రేమ్ కట్టించుకునే "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్న మాట కూడా ఈ అధ్యాయంలోదే. దానికి కొంచెం పైన, కూలివాని కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. కొంచెం కింద, త్రాసులు, గుండ్లు, కొలతలు సరిగ్గా ఉండాలని ఉంది. ప్రేమను కూలికీ కాంటాకూ నడుమ పెట్టారు. మనం దాన్ని అక్కడి నుంచి పీకి గోడకు తగిలించాం.

"గిట్ల చూస్తే దుకాణం మూసుకోవాల్సిందే అన్నా" అంటారు. నిజమే, ఈ మాటను తేలిగ్గా తీసేయను. నర్సంపేట దారిలో నాకు తెలిసిన ఒక చిన్న ఎరువుల దుకాణం ఉంది. 2025 వానాకాలంలో యూరియా కొరత మీకు గుర్తుండే ఉంటుంది, తెల్లారకముందే చెప్పులూ పాస్‌బుక్కులూ లైన్లో పెట్టి రైతులు కూర్చున్నారు. నలభై అయిదు కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. దానికి లింకు పెట్టి పురుగుమందు డబ్బానో, జింకు సంచో, గుళికలో అంటగట్టడం మన దగ్గర పాత అలవాటు. లింకు పెట్టొద్దని ప్రభుత్వం చెప్తూనే ఉంటుంది. అయితే ఆ లింకు చిన్న దుకాణదారుడి దగ్గర పుట్టదు. పైన హోల్‌సేల్‌లోనే వాడికి అంటగడతారు, వాడు రైతుకు అంటగడతాడు. మనవాడు అంటగట్టలేదు. డబ్బాలు అరలోనే ఉండిపోయాయి, వాటిలో పెట్టిన పైసలూ ఆగిపోయాయి. డబ్బాలు కదలనివాడికి తర్వాతి లోడులో బస్తాలు తగ్గించారు. ఇంకా బాధేమిటంటే, స్టాకు లేదని రైతులు కూడా వాడినే తిట్టి, లింకు పెట్టే దుకాణానికే పోయారు.

వాడు విశ్వాసి. చర్చిలో వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆ ఏడు సాక్ష్యాల కూడికలో వాడిని ఎవరూ పిలవలేదు. పిలిచి ఉంటే ఏం చెప్పేవాడు? దేవుడు నన్ను ఆశీర్వదించాడు, అరల నిండా అమ్ముడుపోని డబ్బాలున్నాయి అనా?

పదిహేనో కీర్తన మాత్రం వాడి గురించే అనిపిస్తుంది నాకు. దేవుని గుడారంలో ఉండదగినవాడు ఎవరని అడిగి, మాట ఇచ్చాక నష్టం వచ్చినా తప్పనివాడు అంటుంది. నష్టం రాదని ఎక్కడా హామీ ఇవ్వలేదు. నిజాయితీగా ఉంటే దేవుడు రెట్టింపు ఇస్తాడు అనే బోధకులతో నాకు పేచీ అక్కడే. రెట్టింపు వస్తుందని తెలిసి చేస్తే అది పెట్టుబడి. అలాగని లాభం పాపమని నేను అనను. బేరం గట్టిగా ఆడడం, అప్పు ఎగ్గొట్టేవాడికి ఉద్దెర ఆపేయడం, నడవని బ్రాంచి మూసేయడం, ఇవి పాపాలు కావు. వీటికి ఊరికే టెన్షన్ పడి ప్రార్థన చేయించుకునేవాళ్లున్నారు. తరుగుకు మాత్రం ఎవరికీ టెన్షన్ లేదు.

గిరిగిరి ఫైనాన్స్ (రోజువారీ వసూళ్ల వడ్డీ వ్యాపారం) నడిపే విశ్వాసుల మీద వేరే పోస్టు రాయాలి. పేదవాడికి అప్పిచ్చి వడ్డీ కట్టించొద్దని నిర్గమకాండం 22లో ఉందని ఇప్పటికి గుర్తు చేస్తున్నా, అంతే.

పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు, పొట్టివాడు, యేసును చూడడానికి ఎక్కిన మేడిచెట్టు. కథలో డబ్బు ఎటు పోయిందో మాత్రం చూడం. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది తీసుకున్నవాళ్లకే నాలుగంతలు. ఆ మాట అన్నాకే ఈ ఇంటికి రక్షణ వచ్చింది అన్నాడు యేసు. జక్కయ్య మందిరానికి ఏసీ కొనివ్వలేదు. మనవాళ్లేమో మోసం చేసేది రైతును, కానుక ఇచ్చేది చర్చికి. సంఘం కూడా రసీదు రాసి తీసుకుంటుంది, ఎక్కడిదని అడగదు. అడిగితే పక్క సంఘానికి పోతారని భయం.

కూలి సంగతికి వస్తే, "వాళ్లు ఒప్పుకునే వచ్చారు కదా, ఆ కూలికి" అని ఒక మాట ఉంది. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల గురించి కూడా ఇదే అంటారు. మన కాథలిక్ మిత్రుల దగ్గర దీనికి ఎప్పుడో జవాబు ఉంది. 1891లో పోపు లియో 13 కార్మికుల గురించి రాసిన లేఖలో, గతిలేక ఒప్పుకున్న కూలి ఒప్పందం కాదు, బలవంతం, అన్యాయం అని తేల్చాడు. 2025లో ఎన్నికైన పోపు ఆ లియో పేరు పెట్టుకోవడానికి ఆ లేఖ కూడా ఒక కారణమని చెప్పాడు. నేను బాప్టిస్టునే, కానీ మంచి మాట ఎక్కడుంటే ఏమిటి?

మెదక్ చర్చికి మన పిల్లల్ని తీసుకుపోయి గొప్పగా చూపిస్తాం. కరువులో జనానికి పనీ తిండీ దొరికేలా మిషనరీ పాస్నెట్ దొరగారు కట్టించారని, 1924లో పూర్తయిందని చెప్తాం. కట్టినవాళ్ల కడుపు నిండిన సంగతితో సహా ఆ గుడి గుర్తుండిపోయింది.

ఇప్పుడు మా సొంత సంఘం సంగతి. కొత్త హాలు కడుతున్నాం, లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. టైల్స్ బిల్లు లేకుండా తెస్తే ట్యాక్స్ మిగులుతుందని కమిటీలో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు, "దేవుని పైసలు పొదుపు చేసినట్టు" అన్నాడు. పక్కా బిల్లు లేకుండా నేను పుస్తకంలో ఎక్కించను అని చెప్పాను. దానికే కొందరు నాతో మాట్లాడడం తగ్గించారు. తాపీ మేస్త్రీకి రెండో విడత ఇంకా ఇవ్వలేదు, సంక్రాంతి నుంచి తిరుగుతున్నాడు. సౌండ్ సిస్టమ్‌కు మాత్రం కొటేషన్లు వచ్చేశాయి. ఏది ముందన్నది వచ్చే కమిటీ మీటింగులో తేలాలి. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి నిర్ణయిద్దాం అన్నారు. నా ఓటు మేస్త్రీకి, ప్రార్థనకు ముందే చెప్పేశాను.