మహారాజశ్రీ ఫ్లాక్ గారికి

మహారాజశ్రీ ఫ్లాక్ గారి సముఖానికి, బెంగళూరు మారతహళ్లి నుంచి మీ భక్తుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా ఫోన్ తప్ప అందరం క్షేమం. పాటల్ని ఏమీ పోకుండా దాచే ఫైల్ ఫార్మాట్ అయిన మీరు వేంచేసినప్పటి నుంచి దానికి 'స్టోరేజ్ ఫుల్' అనే జబ్బు పట్టుకుంది.

మీ గొప్పతనం కాదనను. 2001లో పుట్టారు, ఎవరినీ లైసెన్స్ డబ్బులు అడగరు, సీడీలో ఉన్న ఒక్క బిట్ కూడా పోనివ్వరు. నాలుగు నిమిషాల పాట సీడీలో 42 ఎంబీ ఉంటే, దాన్ని ఇంచుమించు పాతికకి సర్దుతారు. విప్పితే మళ్లీ 42కి 42 లెక్క అప్పజెబుతారు. పట్టుచీర మడతపెట్టి బీరువాలో పెట్టినట్టు. మీ దాయాది ఎంపీత్రీ అలా కాదు, కత్తెర పట్టుకునే పుట్టాడు. పెళ్లిలో డోలు దద్దరిల్లుతుంటే వెనక వరసలో పిన్నిగారి గుసగుస ఎవరికి వినబడుతుంది అంటాడు. అని, ఆ గుసగుస తీసి పారేస్తాడు. 320 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకి 320 కిలోబిట్ల లెక్కన, అదే పాట తొమ్మిదిన్నర ఎంబీ. 128లో నాలుగు కూడా ఉండదు. (128లో తాళాల చప్పుడు నీళ్లలో నానినట్టుంటుంది. అది నాకూ తెలుస్తుంది, అబద్ధమెందుకు.)

ఆ పిన్నిగారి గుసగుస కోసమే నేను మీ పాదాల మీద పడ్డాను. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌కి వెళ్లి, డిజిటల్ పాటని చెవికి వినబడే సిగ్నల్‌గా మార్చే డాక్ కొన్నాను, వైరున్న హెడ్‌ఫోన్ కొన్నాను. రెండూ ఇంట్లో భద్రంగా ఉన్నాయి. నేను పాటలు వినేది మాత్రం 500-డి బస్సులో, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో. మీరు ఫోన్‌లో పల్లకీ దిగుతారు, బ్లూటూత్ మిమ్మల్ని మళ్లీ కుదించి షేర్ ఆటోలో కుక్కుతుంది. నా చెవి దాకా వచ్చేది మీ దాయాది లాంటివాడే. ఆపైన సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో హారన్లు. అవి మాత్రం లాస్‌లెస్, ఒక్కటీ పోదు.

మీలో ఇంకా పెద్ద దొరలున్నారు, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ వారు. ఆ ఫైల్లో 96 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుందట. మనిషి చెవి మహా అయితే 20 దాకా వింటుంది. నలభై దాటిన నా చెవి మొన్న టెస్ట్ పెడితే 14 దగ్గరే కూర్చుండిపోయింది. మిగతాది వినడానికి గబ్బిలాల్ని పిలవాలి. అయినా ఆ సైజులో అరవైల నాటి ఘంటసాల పాటలు ఆఫీసు కొలీగ్ హార్డ్ డిస్క్ నుంచి ఎక్కించుకున్నాను. పాతకాలపు గరగర పొల్లుపోకుండా వచ్చింది. "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో ఈ గరగర!" అని ఇంట్లో అందరికీ వినిపించాను. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి, పాటలో ఏ కిలోహెర్ట్జ్ దాకా శబ్దం ఉందో చూపే స్పెక్ట్రమ్ బొమ్మ తెరిచి చూస్తే, 16 కిలోహెర్ట్జ్ పైన గోడ కట్టినట్టు ఖాళీ. ఎవరో పుణ్యాత్ముడు ఎంపీత్రీనే మీ అంగరఖాలో దూర్చి పంపాడన్నమాట. నీళ్లపాలు వెండిచెంబులో పోస్తే చిక్కబడతాయా? మూడు వారాలు ఆ పాలకి నేను మీగడ మెచ్చుకున్నాను.

మా ఆవిడ ఇక ఊరుకోలేదు. ఒరిజినల్ సీడీ నుంచి తీసిన మిమ్మల్నీ, 320 ఎంపీత్రీనీ పక్కపక్కన పెట్టి, "నేను మార్చి మార్చి వేస్తాను, ఏది ఏదో చెప్పండి" అంది. డాక్ పెట్టాను, ఫ్యాన్ ఆపాను, కళ్లు మూసుకున్నాను. పదిసార్లు వేసింది, అయిదు కరెక్టు. "రూపాయి బిళ్ల ఎగరేసినా ఇంతే వచ్చేదిగా" అంటూ ఫ్యాన్ వేసి వెళ్లిపోయింది.

అలాగని మిమ్మల్ని డిలీట్ చేశానా? లేదు. ఎంపీత్రీ ఒకసారి పారేసింది మళ్లీ రాదు, మీ దగ్గరుంటే ఎప్పుడైనా ఎందులోకైనా మార్చుకోవచ్చు, అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇది నిజమే కూడా. అందుకని ఫోన్‌లో మీకు చోటివ్వడానికి వేరే దారి వెతికాను.

నిన్న మా ఆవిడ మా పెళ్లి ఫోటో తెరిచి జూమ్ చేసింది. అంచు జరీ అంతా గళ్లు గళ్లుగా ఉంది. "ఇదేమిటండీ, నా కంచిపట్టుకి ఏమైంది?" అని అడుగుతోంది. దయచేసి తిరుగు టపాలో జవాబు రాయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు