22 అక్షరాల ముద్దాయి

నాకు షుగర్ వచ్చిన కేసులో అసలు ముద్దాయి దొరికాడు. పేరు మైక్రో ఆర్‌ఎన్‌ఏ, మన కణాల్లో తిరిగే బుల్లి జన్యుపదార్థం ముక్క. ఒడ్డూ పొడుగూ కలిపి జన్యుభాషలో సుమారు 22 అక్షరాల మనిషి. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ ఒక చిన్న పురుగులో వీడి జాడ తీశారు. 2024లో ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది. నాకు మాత్రం మాత్రలొచ్చాయి.

వీడు చేసే పని మనకు కొత్తేమీ కాదు. ఫలానా ప్రొటీన్ తయారు చెయ్యమని జన్యువు జీవో పంపుతుంది. వీడు ఆ జీవో కాగితాన్ని చింపేస్తాడు, లేదా ఫైలు తొక్కిపెడతాడు. క్లోమంలో మిర్-375 అనే గుమాస్తా ఇన్సులిన్ విడుదలకు అడ్డం పడతాడని 2004లో తేలింది. అయితే ఉద్యోగం పీకేద్దామా? ఎలుకల్లో పీకి చూశారు. ఇన్సులిన్ చేసే బీటా కణాలే తగ్గి, షుగర్ పెరిగింది. గుమాస్తా లేకపోతే ఆఫీసే ఉండదన్నమాట.

మరి ఈ గుమాస్తాలను ఎగదోసేది ఎవరు? మా ఇంట్లో విచారణ కమిషన్ కూర్చుంది. "మీ నాన్నవైపు అందరికీ ఉందిరా" అని అమ్మ వంశం మీదకు తోసింది. మా ఆవిడ మాట్లాడకుండా ఆదివారం బిర్యానీ బిల్లులు బల్ల మీద పెట్టింది. తిండిని బట్టి ఈ గుమాస్తాల సంఖ్య పెరుగుతుంది, తగ్గుతుంది కాబట్టి నేను ఆ బిల్లుల జోలికి పోలేదు. మూడో దారి పట్టాను. ఒకే కొవ్వు మేత మేపినా సాధారణంగా మగ ఎలుకలే ముందు షుగర్ దారి పడతాయి, ఆడవి తట్టుకుంటాయి. కనుక నా నేరమల్లా మగపుట్టుక పుట్టడమే!

మా ఆవిడ జువాలజీ లెక్చరర్ కావడం నా జాతకం.

"షుగర్ దానంతటదే వచ్చే నాడ్ రకం ఎలుకల్లో ఆడవాటికే ఎక్కువ వస్తుంది కదండీ?"

"అది ఒంటి రక్షణ వ్యవస్థే బీటా కణాల మీద పడే టైప్ 1, వేరే కేసు" అని అభ్యంతరం చెప్పాను.

"పైగా మగవాటికి తేలిగ్గా వస్తుందని ఏళ్ల తరబడి ఎక్కువగా వాటినే మేపారు. ఆడవాటినీ లెక్కలోకి తీసుకోండని అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గట్టిగా చెప్పింది 2016లో. ఎక్స్ క్రోమోజోములో మీ గుమాస్తాలు వందకు పైనే. వైలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సగం సాక్షులను పిలవకుండా తీర్పు ఎలా ఇస్తారు?"

సరే, సాక్షులంతా వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించాలని, అంటే బిర్యానీ ఆపకూడదని, పిటిషన్ వేశాను. ఆవిడ నా కంచంలో ఒక జొన్నరొట్టె వేసి వాయిదా ఇచ్చింది.